ఫిలాసఫీ చదివితే నెలకెంత?

గచ్చిబౌలిలో ఆరేళ్లుగా కోడ్ రాస్తున్న నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు సంక్రాంతికి ఊరెళ్లి, ఉద్యోగం మానేసి ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తానని ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాన్న అరవలేదు, అలగలేదు. అరుగు మీద కూర్చుని ఒక్క మాట అడిగారు. "నెలకెంత ఇస్తార్రా?" మావాడి దగ్గర జవాబు లేదు. నాగార్జునుడి నుంచి విట్‌గెన్‌స్టైన్ దాకా గంటలకొద్దీ చెప్పగలడు గానీ, ఆ ప్రశ్నకి తెల్లమొహం వేశాడు. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు.

ఫోన్లు, యాప్‌ల గురించి బ్లాగు రాసుకునేవాణ్ని, నాకేం తెలుసు? కానీ ప్రశ్న మంచిది అనిపించింది. మావాడిలాంటివాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కి వెళ్లిన ఇంజినీర్లలో కొందరు సిలబస్ చిన్నదని ఫిలాసఫీని ఆప్షనల్‌గా తీసుకుంటారు. సర్వీస్ రాదు, సబ్జెక్టు మాత్రం మనిషిని వదలదు. సరే చూద్దామని యూజీసీ నోటిఫికేషన్లు, ఫెలోషిప్ మార్గదర్శకాలు, విదేశీ యూనివర్సిటీల ప్రకటనలు ముందేసుకుని కూర్చున్నా. అందరూ అనుకున్నంత డబ్బులేని సబ్జెక్టేం కాదిది. కాకపోతే ఆ డబ్బు ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఒకే నగరం, మూడు రకాల స్కాలర్లు

హైదరాబాద్‌నే తీసుకుందాం. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ ఉంది. గాంధీజీ మనవడు రామచంద్ర గాంధీ పునాది వేసిన డిపార్ట్‌మెంట్ అది. ఉస్మానియాలోనూ ఫిలాసఫీ ఉంది. ఈ రెండు చోట్లా పీహెచ్‌డీ చేస్తున్న ముగ్గురిని ఊహించుకోండి.

మొదటి వ్యక్తి యూజీసీ-నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొట్టాడు. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకి రూ.37,000. రెండేళ్లయ్యాక కమిటీ పని చూసి సరేనంటే ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారి, మిగతా మూడేళ్లు నెలకి రూ.42,000. హాస్టల్ లేకపోతే ఇంటద్దె భత్యం వేరే. పుస్తకాలు, ప్రయాణాల కోసం కంటింజెన్సీ గ్రాంటు మొదటి రెండేళ్లు ఏడాదికి రూ.10,000, తర్వాత రూ.20,500. ఇంటద్దె, కంటింజెన్సీ పక్కన పెట్టి ఐదేళ్లకి లెక్కేస్తే సరిగ్గా 24 లక్షలు.

రెండో వ్యక్తికి జేఆర్‌ఎఫ్ రాలేదు, కానీ సెంట్రల్ యూనివర్సిటీలో సీటొచ్చింది. ఆమెకి వచ్చేది నాన్-నెట్ ఫెలోషిప్, నెలకి రూ.8,000. నాలుగేళ్లకి లెక్కేస్తే 3,84,000. మూడో వ్యక్తి స్టేట్ యూనివర్సిటీలో చేరాడు, జేఆర్‌ఎఫ్ లేదు. నాన్-నెట్ పథకం స్టేట్ యూనివర్సిటీలకి వర్తించదు. వేరే ఫెలోషిప్ ఏదీ దొరక్కపోతే అతనికొచ్చేది సున్నా. ఫీజు కట్టేదీ అతనే.

ముగ్గురూ చదివేది అవే పుస్తకాలు. ఒకే సెమినార్‌లో పక్కపక్కన కూర్చుంటారు. ఒకరికి 24 లక్షలు, ఒకరికి 4 లక్షల లోపు, ఒకరికి ఏమీ లేదు. ఈ తేడా తెచ్చింది ఒకరోజు మూడు గంటలపాటు రాసిన ఆబ్జెక్టివ్ పరీక్ష. ఫిలాసఫీలో మనిషి పనితనం తెలిసేది పేజీలు పేజీలు రాసినప్పుడు. దాన్ని నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడంతో కొలవడం నాకైతే సబబనిపించదు. కానీ డబ్బు గేటు అక్కడే ఉంది. మనం ఆ గేటు సంగతే మాట్లాడుకోవాలి.

ఆ 8,000 కథ ఇంకొంచెం చెప్పాలి. 2015 అక్టోబరులో యూజీసీ ఈ నాన్-నెట్ ఫెలోషిప్‌ని ఎత్తేయాలని నిర్ణయించింది. ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించారు. 'ఆక్యుపై యూజీసీ' అన్న పేరు అప్పటిదే. ప్రభుత్వం వెనక్కి తగ్గి, కమిటీ వేసి, పథకాన్ని కొనసాగించింది. కొనసాగింది పథకంతోపాటు అంకె కూడా! అప్పుడు 8,000, ఇప్పుడూ 8,000. ఇదే కాలంలో జేఆర్‌ఎఫ్ 2014 డిసెంబరులో 25,000 అయింది, 2019లో 31,000, 2023లో 37,000. అప్పట్లో 8,000 అంటే జేఆర్‌ఎఫ్‌లో దాదాపు మూడో వంతు. ఇప్పుడు నాలుగో వంతు కూడా లేదు. ఎవరూ ఏమీ కోయకుండానే కోత పడిందన్నమాట.

'నెట్ పాసయ్యా' అంటే ఏది పాసయినట్టు?

2024 జూన్ నుంచి నెట్‌లో మూడు జాబితాలు వచ్చాయి. ఒకటి, జేఆర్‌ఎఫ్‌తోపాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. రెండు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతోపాటు పీహెచ్‌డీ ప్రవేశం. మూడు, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండు, మూడు జాబితాల వాళ్లకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ ఇచ్చి యూనివర్సిటీలు సీట్లిస్తాయి. ఆ మార్కులు ఏడాదిపాటే చెల్లుతాయి.

యూనివర్సిటీకో ఎంట్రెన్స్ రాసే బాధ తప్పుతుంది, మంచిదే. కానీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక గందరగోళం మొదలైంది. 'నెట్‌తో పీహెచ్‌డీ సీటొచ్చింది' అనగానే ఇంట్లోవాళ్లు ఫెలోషిప్ వచ్చిందనుకుంటున్నారు. రాదు. డబ్బున్నది మొదటి జాబితాకే. మూడో జాబితాలో ఉండి స్టేట్ యూనివర్సిటీలో చేరితే, నేషనల్ పరీక్ష పాసయి కూడా జేబులో నుంచి పెట్టుకుని చదవాలి. రాష్ట్ర స్థాయి సెట్ పరీక్షతో వచ్చేదీ లెక్చరర్ అర్హతే, నెలనెలా డబ్బు కాదు.

ఇంజినీర్లకి పనికొచ్చే సంగతి ఒకటి ఇదే మార్పుల్లో ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే పీజీ లేకుండానే నెట్ రాయొచ్చు. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా సరే, పీహెచ్‌డీ చేయదలుచుకున్న సబ్జెక్టులో రాసుకోవచ్చు. 2024 ఏప్రిల్‌లో ఈ సంగతి ప్రకటించింది అప్పటి యూజీసీ ఛైర్మన్ ఎం.జగదీష్ కుమార్, మన నల్గొండ జిల్లా మనిషి, ఆయనా ఇంజినీరే. బీటెక్ కూడా నాలుగేళ్ల డిగ్రీయే కాబట్టి మెకానికల్ కుర్రాడు నేరుగా ఫిలాసఫీ జేఆర్‌ఎఫ్‌కి కూర్చోవచ్చు. తర్వాత సీటిచ్చేటప్పుడు యూనివర్సిటీ తన నిబంధనలు తాను చూసుకుంటుంది, అది వేరే సంగతి. మావాడి బీటెక్ మార్కులు 71 శాతం. ఆ తలుపు నాలుగు శాతంతో మూసుకుపోయింది.

ఇక మిగిలింది ఎంఏ చేసి, 55 శాతం తెచ్చుకుని రాయడం. ఇక్కడే వయసు అడ్డొస్తుంది. జేఆర్‌ఎఫ్‌కి పరీక్ష నెల ఒకటో తేదీకి 30 ఏళ్లు దాటకూడదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకి ఐదేళ్ల సడలింపు ఉంది. మావాడికి ఏ సడలింపూ వర్తించదు. ఇప్పుడు 28. ఎంఏ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు కాబట్టి, ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్షలో వాడికి దొరికేవి మహా అయితే రెండు మూడు అవకాశాలు. అందులో ఒకటి పోతే?

పోతుందా అని అడక్కండి. 2024 జూన్ 18న 9 లక్షల మందికి పైగా రాసిన నెట్‌ని మర్నాడే రద్దు చేశారు. మళ్లీ ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 దాకా పెట్టారు. టెలిగ్రామ్‌లో తిరిగిన ప్రశ్నపత్రం స్క్రీన్‌షాట్ మార్ఫింగ్ చేసిందని తర్వాత సీబీఐ తేల్చింది. పరీక్షకి ముందే లీకైనట్టు కనిపించేలా దాన్ని దిద్దారట. నేను టెక్ బ్లాగరుని కదా, ఒక చిన్న ఇమేజ్ ఎడిటింగ్ పనికి ఇంతమంది కాలెండర్ మారిపోవడం నాకు నిద్రపట్టనివ్వని సంగతి.

గేట్ దారి, ఐఐటీ దారి

వయోపరిమితి లేని దారి ఒకటుంది. గేట్. 2021 నుంచి గేట్‌లో హ్యుమానిటీస్ అండ్ సోషల్ సైన్సెస్ పేపరు పెట్టారు, కోడ్ ఎక్స్‌హెచ్. అందులో రీజనింగ్, కాంప్రహెన్షన్ అందరికీ తప్పనిసరి. దానితోపాటు ఎంచుకునే సబ్జెక్టుల్లో ఫిలాసఫీ ఒకటి. లాజిక్ అంటే భయం లేని బీటెక్ వాళ్లకి ఆ తప్పనిసరి భాగం కొంచెం అనుకూలమేనని నా అభిప్రాయం.

ఐఐటీల్లో ఫిలాసఫీయా అని ఇప్పటికీ చాలామంది ఆశ్చర్యపోతారు. బాంబే, ఢిల్లీ, కాన్పూర్, మద్రాస్ ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాల్లో ఫిలాసఫీ పీహెచ్‌డీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అక్కడి ఇన్‌స్టిట్యూట్ అసిస్టెంట్‌షిప్ కూడా 37,000, తర్వాత 42,000. నెట్‌గానీ గేట్‌గానీ అడుగుతారు. కొన్ని చోట్ల మంచి గ్రేడున్న బీటెక్ వాళ్లనీ తీసుకుంటారు, కొన్ని చోట్ల ఎంఏ ఉండాల్సిందే. ప్రతి సెమిస్టర్ ప్రకటనలో అర్హతల పేరా రెండుసార్లు చదవండి.

ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. అదే ఐఐటీలో, అదే హాస్టల్లో, ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ ఉన్న ఇంజినీరింగ్ స్కాలర్‌కి మొదటి రెండేళ్లు నెలకి 70,000, చివరి రెండేళ్లు 80,000 వస్తాయి. ఆ పథకం సైన్స్, టెక్నాలజీ వాళ్లకే. దీనికి తిరగబడిన పోలిక కూడా ఒకటుంది. గేట్‌తో చేరిన ఎంటెక్ విద్యార్థికి నెలకి 12,400 ఇస్తారు. యూజీసీ నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్టడీస్ తెచ్చుకున్న ఎంఏ ఫిలాసఫీ విద్యార్థికి నెలకి 15,000. ఏడాదిలో పది నెలలే ఇస్తారు. రెండేళ్లకి 3 లక్షలు. దేశం మొత్తం మీద ఏటా 10,000 స్కాలర్‌షిప్‌లు, డిగ్రీ మార్కులే ఆధారం, దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. రెగ్యులర్ ఎంఏలో చేరే డిగ్రీ విద్యార్థులు దీన్ని ఎందుకు వదిలేస్తున్నారో నాకు అర్థం కాదు. నేను అడిగిన నలుగురు ఎంఏ విద్యార్థుల్లో ముగ్గురు దీని పేరే వినలేదు.

సబ్జెక్టుకే ప్రత్యేకంగా ఒక సంస్థ కూడా ఉంది. 1977లో ఏర్పాటైన ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ ఫిలసాఫికల్ రీసెర్చ్, క్లుప్తంగా ఐసీపీఆర్. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేస్తుంది. పీహెచ్‌డీ స్థాయి నుంచి సీనియర్ పండితుల దాకా ఫెలోషిప్‌లు ఇస్తుంది. దరఖాస్తులో పరిశోధన ప్రతిపాదన ముఖ్యం, అంటే నాలుగు ఆప్షన్ల పరీక్షలో తడబడి, రాతలో దిట్టయినవాళ్లకి ఇది న్యాయమైన చోటు. ప్రకటన పడినప్పుడు చూడటం కాదు, ప్రతిపాదన ముందే రాసి ఉంచుకోవాలి.

మూసుకున్న తలుపులు

ఎస్సీ విద్యార్థులకి నేషనల్ ఫెలోషిప్ కింద ఏటా 2,000, ఓబీసీలకి 1,000, ఎస్టీలకి 750 ఫెలోషిప్‌లు ఉన్నాయి. మొత్తాలు జేఆర్‌ఎఫ్ లెక్కనే. జేఆర్‌ఎఫ్ జాబితాలో పేరు రాని నెట్ అభ్యర్థులకి ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌లు రెండో అవకాశం లాంటివి. తల్లిదండ్రులకి ఒక్కతే సంతానమైన అమ్మాయిలకి సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్ ఉంది. మైనారిటీ విద్యార్థులకి 2009 నుంచి ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని మాత్రం 2022-23 నుంచి ఆపేశారు. వేరే పథకాలతో కలగలిసిపోతోందన్నది కేంద్రం చెప్పిన కారణం. ఓబీసీ జాబితాలో లేని మైనారిటీ విద్యార్థికి ఆ వేరే పథకం ఏదో మాత్రం వెతికినా దొరకదు.

విదేశాలకి వెళ్లే ఎస్సీ విద్యార్థుల కోసం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. సంచార జాతులు, భూమిలేని కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలవాళ్లకీ కలిపి ఏటా 125. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. అమెరికాకి వెళ్తే ట్యూషన్ కాక ఏడాదికి 15,400 డాలర్ల ఖర్చులు ఇస్తారు. బాగానే ఉంది కదా. 2022లో నిబంధన ఒకటి చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకి ఈ స్కాలర్‌షిప్ వర్తించదని. అలాంటి విషయాలకి దేశంలోనే వనరులున్నాయన్నది వాదన. అంటే దళిత విద్యార్థి ఒకరు విదేశానికి వెళ్లి కుల న్యాయం మీద తాత్విక పరిశోధన చేస్తానంటే ప్రభుత్వ సొమ్ము రాదు. 1913లో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. అక్కడ ఆయనకి పాఠం చెప్పినవాళ్లలో తత్వవేత్త జాన్ డ్యూయీ ఉన్నారు. భారతదేశంలో కులాల గురించి అంబేడ్కర్ మొదటి పెద్ద వ్యాసం చదివింది ఆ యూనివర్సిటీలోనే, 1916లో. ఈనాటి నిబంధన ఆనాడుంటే ఆ వ్యాసం సంగతేంటి?

డబ్బు మంజూరయ్యాక చేతికి రావడం ఇంకో ఘట్టం. జేఆర్‌ఎఫ్ సొమ్ము కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా వస్తుంది. ప్రతినెలా స్కాలర్ హాజరు, పని వివరాలు యూనివర్సిటీ నుంచి వెళ్లాలి. ఒకరు నమోదు చేస్తారు, ఇంకొకరు సరిచూస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే నెల జారిపోతుంది. నాకు తెలిసిన ఒక స్కాలర్‌కి ఒకసారి ఐదు నెలల సొమ్ము ఒకేసారి పడింది. ఆ ఐదు నెలలూ మెస్ బిల్లు కట్టింది వాళ్లక్క. కాబట్టి చేరేముందు కనీసం నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి. ఇంకోటి, ఫెలోషిప్ ఐదేళ్లే. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు, పొడిగిస్తే ఇంకో రెండు. ఆరో ఏడాది ఎవరు పోషిస్తారన్నది మొదటి ఏడాదే ఆలోచించాలి. అవే నిబంధనల్లో స్కాలర్లకి వారానికి 4 నుంచి 6 గంటల బోధన, పరిశోధన సాయం అప్పగించొచ్చని ఉంది. గంటలు రాశారు, దానికి విడిగా కూలి మాట రాయలేదు.

అమెరికాలో ఏం జరుగుతోంది?

మన ఇంజినీర్లకి అమెరికా అంటే అప్పు చేసి ఎంఎస్. ఫిలాసఫీ పీహెచ్‌డీ లెక్క దానికి పూర్తిగా వేరు. అక్కడి మంచి యూనివర్సిటీల్లో ఫిలాసఫీ పీహెచ్‌డీ సీటంటే ట్యూషన్ మాఫీ, ఐదేళ్లపాటు స్టైపెండ్, చాలా చోట్ల ఆరోగ్య బీమా. ఇది దానం కాదు. డిగ్రీ పిల్లలు వేలల్లో లాజిక్, ఎథిక్స్ కోర్సులు తీసుకుంటారు, వాళ్ల పేపర్లు దిద్దడానికి, చర్చలు నడపడానికి మనుషులు కావాలి. పీహెచ్‌డీ విద్యార్థి ఆ మనిషి. సొంత డబ్బుతో చదువుకోమని పీహెచ్‌డీ ఆఫర్ వస్తే, అక్కడి ప్రొఫెసర్లే వద్దని చెప్తారు.

ఆ ఏర్పాటు ఇప్పుడు కుంచించుకుపోతోంది. బోస్టన్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ విద్యార్థులు 2024లో దాదాపు ఏడు నెలలు సమ్మె చేసి, కనీస స్టైపెండ్‌ని ఏడాదికి 45,000 డాలర్లకి పెంచుకున్నారు. ఒప్పందం కుదిరిన కొద్ది వారాలకే, నవంబరులో, ఆ యూనివర్సిటీ హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌లో పన్నెండు పీహెచ్‌డీ ప్రోగ్రాములకి 2025-26 ప్రవేశాలు ఆపేసింది. ఫిలాసఫీ అందులో ఉంది. పెరిగిన ఖర్చే ఒక కారణమని డీన్లు రాసిన మెయిల్‌ని అక్కడి పత్రికలు బయటపెట్టాయి. లోపలున్నవాళ్ల జీతం పెరిగింది, బయటున్నవాళ్లకి తలుపు మూశారు. ఎవరిని తప్పుపట్టాలో నాకు తేలలేదు. బోస్టన్ అద్దెలకి 45,000 ఎక్కువేం కాదు మరి.

2025 ఆగస్టులో షికాగో యూనివర్సిటీ హ్యుమానిటీస్‌లో చాలా విభాగాలకి 2026-27 పీహెచ్‌డీ ప్రవేశాలు ఆపుతున్నట్టు చెప్పింది. అక్టోబరులో హార్వర్డ్ వంతు. వచ్చే రెండేళ్లకి ఆర్ట్స్, హ్యుమానిటీస్ పీహెచ్‌డీ సీట్లు 60 శాతం దాకా తగ్గుతున్నాయని అక్కడి విద్యార్థి పత్రిక రాసింది. వేల కోట్ల డాలర్ల నిధి ఉన్న హార్వర్డే సీట్లు కోస్తుంటే మిగతావాళ్ల సంగతి ఊహించండి. పోటీ కిందికి జారుతుంది. నిన్నటి దాకా హార్వర్డ్‌కి వెళ్లగలిగిన విద్యార్థి ఇప్పుడు మీరు అప్లై చేసే రెండో వరస యూనివర్సిటీ లైన్లో మీ ముందు నిలబడతాడు.

వీసా చిక్కులు వేరే. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఒక ప్రతిపాదన తెచ్చింది. చదువు పూర్తయ్యేదాకా ఉండనిచ్చే పద్ధతి బదులు, విద్యార్థి వీసా మీద ఒక్కసారికి నాలుగేళ్లే, ఆ తర్వాత పొడిగింపు అడగాలని. ఐదారేళ్లు పట్టే పీహెచ్‌డీకి ఇది మధ్యలో గండం. ఎంఎస్ వాళ్లకి దొరికే రెండేళ్ల అదనపు ఓపీటీ ఫిలాసఫీకి లేదు, అది స్టెమ్ జాబితాలో లేదు కాబట్టి. చదువయ్యాక చేతిలో ఉండేది పన్నెండు నెలలు.

అయినా దారి లేదనను. ఏప్రిల్ 15 అన్న తేదీ గుర్తుపెట్టుకోండి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు కలిసి ఒప్పుకున్న గడువు అది. డబ్బుతో కూడిన ఆఫర్‌కి ఆ రోజు లోపే తేల్చమని మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. ఈలోపు అడగాల్సినవి అడగండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో ఏం తినాలి? ఫీజుల పేరుతో మళ్లీ ఎంత వెనక్కి తీసుకుంటారు? ఐదో ఏడాది తర్వాత? ఇవి అడిగితే తక్కువగా చూస్తారేమోనని మనవాళ్లు మొహమాటపడతారు. అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు, ఆఫర్ లెటర్‌లో అంకె రాసేదే అందుకు. పీహెచ్‌డీకి ముందు ఎంఏ చేయాలనుకుంటే నార్తర్న్ ఇల్లినాయిస్, జార్జియా స్టేట్, విస్కాన్సిన్-మిల్వాకీ లాంటి చోట్ల ఎంఏ విద్యార్థులకే అసిస్టెంట్‌షిప్‌లు ఇచ్చే అలవాటుంది. ఈ ఏడాది ఎన్ని ఇస్తున్నారో నేరుగా మెయిల్ పెట్టి అడగాలి. దరఖాస్తులో అన్నిటికన్నా బరువున్నది మీ వ్యాసం, పదిహేను ఇరవై పేజీల రైటింగ్ శాంపిల్. దాని మీద ఆరు నెలలు పెట్టండి.

బ్రిటన్‌లో పరిశోధన మండలి ఇచ్చే కనీస స్టైపెండ్ 2025-26కి 20,780 పౌండ్లు. 2021 నుంచి 30 శాతం దాకా విదేశీ విద్యార్థులకీ ఇవ్వొచ్చు. కానీ అక్కడా హ్యుమానిటీస్ మండలి ఏటా ఇచ్చే 425 పీహెచ్‌డీ ఫెలోషిప్‌లని 2029-30 నాటికి 300కి తగ్గిస్తానంది. జర్మనీ, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీని ఉద్యోగంలా ప్రకటిస్తారు, కాంట్రాక్టు, జీతం ఉంటాయి. ఫిల్‌జాబ్స్ అనే సైట్‌లో చూడొచ్చు. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకి ఇన్‌లాక్స్ స్కాలర్‌షిప్ లక్ష డాలర్ల దాకా ఇస్తుంది. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, బిజినెస్ కోర్సులకి ఇవ్వం అని వాళ్లే రాశారు. చదివినప్పుడు నవ్వొచ్చింది, మన లైన్ వాళ్లని వద్దన్న స్కాలర్‌షిప్ చూడటం ఇదే మొదటిసారి.

డబ్బు పెట్టేవాళ్లు అసలు లేరా అంటే ఉన్నారు. బిల్ మిల్లర్ అనే ఇన్వెస్టర్ జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫిలాసఫీ పీహెచ్‌డీ మొదలుపెట్టి, పూర్తిచేయకుండా స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లాడు. 2018లో అదే డిపార్ట్‌మెంట్‌కి 7.5 కోట్ల డాలర్లిచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌కి 2019లో వచ్చిన 15 కోట్ల పౌండ్ల విరాళంలో ఏఐ ఎథిక్స్ సంస్థ కూడా భాగం. ఏఐ పుణ్యమా అని ఫిలాసఫీ వాళ్లకి ఉద్యోగాలే ఉద్యోగాలు అని యూట్యూబ్‌లో చెప్తున్నారు. నేను ఆ రంగాన్నే చూస్తూ ఉంటా కాబట్టి చెప్తున్నా, అలాంటి పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. వాటిని నమ్ముకుని అప్పు చేయకండి. మన దగ్గర పీహెచ్‌డీ తర్వాతి ఉద్యోగం ప్రధానంగా అసిస్టెంట్ ప్రొఫెసరే. మూల వేతనం 57,700తో మొదలవుతుంది. ఫిలాసఫీ చెప్పే కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో చాలా తక్కువ.

ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫిలాసఫీ చదవడానికి కారణం ఏంటో తెలుసా? బంధువు ఒకాయన డిగ్రీ పూర్తిచేసి తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశాడు. పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది కాబట్టి ఆ కోర్సు. చదువంతా స్కాలర్‌షిప్‌లతోనే సాగింది. మావాడికి ఈ సంగతి చెప్తే, "ఆయనకి వయోపరిమితి లేదు కదరా" అన్నాడు.

ఉద్యోగం మానలేదు. ఇగ్నోలో ఎంఏ ఫిలాసఫీకి కట్టాడు, ఆఫీసు పని చేసుకుంటూనే చదువుకోవచ్చని. రెండో ఏడాదిలో నెట్, ఈలోపే గేట్ ఎక్స్‌హెచ్. అంకెలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకుని మళ్లీ ఊరెళ్లాడు. "జేఆర్‌ఎఫ్ వస్తే 37 వేలు నాన్నా, ఐదేళ్లు."

"రాకపోతే?"

"ఐఐటీలో ప్రయత్నిస్తా. అదీ రాకపోతే చేరను."

ఆయన ఆ కాగితం తీసుకుని, మడతపెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారట. పరీక్ష ఏ నెలలోనో అడిగారట.